ఐదుగురు రెడ్డెప్పలు, అందులో నలుగురు మిగులు

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
పుంగనూరు దగ్గర నక్కలగుట్టపల్లె ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు ఎస్. రెడ్డెప్ప వ్రాసుకున్నది. ఆగస్టు, 2004.

విషయం: లేని ఉపాధ్యాయులను నలుగురిని తమరు బదిలీ చేసి, ఉన్న వాలంటీరును తీసివేసినందున, ఆమెను తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. మా బడికి ఐదు తరగతులు, ఒక గది, ఒక వరండా ఉన్నవి. గదిలో పెద్ద పిల్లలకు నేను, వరండాలో ఒకటి, రెండు తరగతులకు విద్యా వాలంటీరు శాంతకుమారి పాఠాలు చెప్పుకుంటూ వచ్చాము. ఎవరికి లెక్క ఇచ్చి ఎవరి చేత పద్యం చదివించాలో మాకు తెలుసు. దీనికి కంప్యూటరు కావాలని మేము అడగలేదు.

2. ఇకపై అయ్యవారి దినచర్యను కంప్యూటరే నిర్ణయించునని తమరు ఉత్తర్వు ఇచ్చినందున ఆఫీసుకు హాజరయ్యాను. కంప్యూటరు గది బయట చెప్పులు విప్పమన్నారు, విప్పాను. ఆపరేటరు గణేష్ నా పేరును ఐదు తరగతులకూ ఎక్కించగానే తెర ఎర్రబడింది. "ఒగే మనిషి ఒగే టైముకు ఐదు తరగతుల్లో ఉండకూడదంట సార్, ఒప్పుకోకుండా ఉండాది" అన్నాడు. ఇన్నేళ్లుగా ఉంటూనే ఉన్నాను కదా అన్నాను. సాయంత్రంలోగా జిల్లాకు పంపాలని తమరు లోపలినుండి కేకేశారు. అంతట అతడు నన్ను రెడ్డెప్ప-1 మొదలు రెడ్డెప్ప-5 వరకు చేసి, "సూడండి సార్, ఇప్పుడు పచ్చగా వచ్చేసె" అన్నాడు. తమరు వచ్చి, భేష్ అని సంతకం చేశారు. అప్పుడు తమరికి కళ్లజోడు కూడా ఉన్నది.

3. సదరు టైంటేబుల్ ప్రకారం రెడ్డెప్ప-3 గ్రంథాలయంలో ఉండవలెను. మా గ్రంథాలయం ఒక ట్రంకుపెట్టె. దానిలో మనిషి పట్టడు.

4. ఇంత చిన్న ఊరికి ఐదుగురెందుకని నలుగురు రెడ్డెప్పలను మిగులు కింద తేల్చి కుప్పం, వెంకటగిరికోట, అంగళ్లు, పెద్దపంజాణిలకు వేశారు. నవ్వుకున్నాను. ఐదుగురున్న బడికి వాలంటీరు అనవసరమని అదే ఉత్తర్వులో శాంతకుమారిని తీసివేశారు. నలుగురూ పోతే మిగిలేది ఒక్కడే కదా అని అడిగితే, అది వచ్చే సంవత్సరం లెక్కలోకి వస్తుందని సెలవిచ్చారు. తమరు కూడా ఒకప్పుడు లెక్కల అయ్యవారేనని విన్నాను. నమ్మలేదు.

5. ఆమె ఇప్పుడు ఊరి బయట టమాటా కోతకు పోతోంది. ఒకటో తరగతి పిల్లలు వరండాలో కాసేపు కూర్చుని, ఒక్కొక్కరే ఆమె దగ్గరకు జారుకుంటున్నారు. ఆ దారిలో, తోటను ఆనుకునే, చుట్టుగోడ లేని బావి ఉన్నది. మొన్న చెంగమ్మ అనే తల్లి తన బిడ్డను చేయి పట్టి తెచ్చి నన్ను నిలదీసింది. "ఐదుమంది అయివోర్లు ఉండారంట గదప్పా, యాడ దాసిపెట్టినావు? నా బిడ్డ బాయిలోకి తొంగి సూస్తా ఉండాది" అన్నది. నాకు భయంగా ఉన్నది. ఈ మాటను ఆఫీసు భాషలో ఎలా వ్రాయాలో తెలియక ఇలాగే వ్రాస్తున్నాను.

6. కావున నలుగురు రెడ్డెప్పలను తమ వద్దనే ఉంచుకుని, ఒక్క శాంతకుమారిని ఇప్పించవలెను.

ఐదుగురి తరఫునా ఒక్కడినే చెప్పుకున్న ఈ సంగతులను, యంత్రానికి అప్పగించక, తమరే స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎస్. రెడ్డెప్ప
(తక్కిన నలుగురి సంతకాలను వారు చేరిన చోట్ల తీసుకోగలరు.)

తా.క.: ఇప్పుడే టపాలో తాఖీదు అందింది. కుప్పంలో చేరనందుకు రెడ్డెప్ప-4ను సస్పెండు చేస్తారట. చేసుకోండి. ఈ అర్జీని మధ్యలో ఆపి, బావి దగ్గరికి పరుగెత్తి ముగ్గురు పిల్లలను వెనక్కి తెచ్చాను. నేను వచ్చేదాకా గదిలో పెద్ద పిల్లల దగ్గర ఒక్క రెడ్డెప్ప కూడా లేడు. రేపటినుండి ఐదు తరగతులనూ ఆ టమాటా తోట గట్టు మీదే కూర్చోబెడుతున్నాను. బావికి అడ్డంగా నేను కూర్చుంటాను. తనిఖీకి అక్కడికే దయచేయండి. చెప్పులు విప్పనక్కరలేదు.