రెండు లేజర్లు, ఒక బెంచీ

మారేడ్‌పల్లి,
సోమవారం

తమ్ముడు సైలస్‌కు,

ప్రభువు కృపవల్ల కుశలం, కుడి మోకాలు మినహా. ఈ శ్రమ దినాల్లో ఫోను మానుకున్నాను కనుక ఈస్టర్ దాకా ఉత్తరాలే. ఓంప్రకాశ్ ఆటోలో అన్నం క్యారియర్‌తో పాటు వస్తాయి.

అమ్మ ముప్పై ఏళ్ళు కూర్చున్న ముందు బెంచీకి పేరు పలక పెట్టుకోవచ్చని చర్చి కమిటీ ఒప్పుకుంది. ఈస్టర్ ఉదయానికి పలక రాకపోతే ఆ బెంచీ క్యారల్ వాళ్ళ నాన్నగారి పేరు మీదికి పోతుంది. వాళ్ళ పలక దుకాణంలో ఎప్పుడో తయారైంది. నువ్వు సొంతంగా చేస్తానన్నావు. ఆలోచించు.

నీ పెద్దక్క,
రోసమ్మ

తా.క. చింతచిగురు పప్పు పంపాను. చల్లారకముందే తిను.

*

బన్సీలాల్‌పేట్,
మంగళవారం

పెద్దక్కకు వందనాలు.

దుకాణపాయన అందరికీ చెక్కుతడు. అమ్మ పేరు నా చేత్తోనే పడాలె. పేరు కాల్చే మిషను సగం అయింది. పాత కంప్యూటర్లలో డీవీడీలు రాసే డబ్బా ఉంటది చూడు, దాని లోపల బియ్యపు గింజంత లేజరు డయోడ్ ఉంటది. ఒక్కటైతే టేకు పలకను వెచ్చబెడతది, అంతే. రెండింటి వెలుగు ఒక్క గీతలో కలిపితే కాలుస్తది. పాడైన డబ్బాలైనా సరే, మీ ప్రార్థన కూటంలో జెర అడుగు.

నీ తమ్ముడు,
సైలస్

తా.క. పప్పు చల్లారినంకనే తిన్న. అమ్మ ఉంటే ఊకునేది కాదు.

*

మారేడ్‌పల్లి,
శుక్రవారం

తమ్ముడికి,

ప్రభువు మేలు చేశాడు. కూటంలో అడిగాను. పదకొండు వచ్చాయి. ఒక్కసారికి పట్టక ఓంప్రకాశ్ రెండుసార్లు తిరుగుతున్నాడు.

పెద్దక్క

తా.క. నీ మిషను కోసం ఇద్దరు ఉపవాసం ఉన్నారు. నువ్వు ఉండకు. చల్లారకముందే తిను.

*

బన్సీలాల్‌పేట్,
ఆదివారం

పెద్దక్కకు పరేషాన్‌లో ఉన్న తమ్ముడి వందనాలు.

అవి డీవీడీ ప్లేయర్లక్కా! టీవీ కింద పెట్టుకునేవి. వాటి లేజరుకు చదివే బలమే, రాసే బలం లేదు. తెలిసి కూడా పదకొండూ విప్పిన, ఏమో, ఒక్కదాంట్లనైనా ఉంటదేమోనని.

పొద్దున మీ కూటం కుసుమకుమారిగారు వచ్చి, "మాది బాగైందా నాయనా?" అన్నది. ఆమెది అప్పటికి నాలుగు గిన్నెల్లో ఉంది. అసలు కూటంలో ఏం చెప్పినవ్?

ఇంకోటి. అమ్మ చేతిరాత నీకే వచ్చింది. పలక మీది మాటలు నువ్వే రాసి పంపు. కాగితం మీద ఏముంటే మిషను అదే దించుతది.

సైలస్

తా.క. గిన్నెలు నీవే. క్యారియర్‌వి.

*

మారేడ్‌పల్లి,
బుధవారం

తమ్ముడికి శాంతి కలుగును గాక.

"పాడైన డీవీడీలుంటే సైలస్‌కు ఇవ్వండి, చూస్తాడు" అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. మొన్న చర్చి మైకు బాగుచేసింది నువ్వే కనుక ఇవీ బాగుచేస్తావనుకున్నారు.

పాస్టరు రిచర్డ్ గారి అటక మీద రెండు పాత కంప్యూటర్లు దొరికాయి. నువ్వడిగిన డబ్బాలు వాటిలోవే. పలక మాటలు వేరే కాగితం మీద రాసి జతచేశాను. గిన్నెలు కడిగి పంపు.

పెద్దక్క

*

బన్సీలాల్‌పేట్,
శనివారం

పెద్దక్కకు గెలిచిన తమ్ముడి వందనాలు.

రెండు లేజర్లూ ఒక్క తీరుగ నిలబడితే కలవవక్కా. ఒకదాన్ని అడ్డం తిప్పి, రెండింటినీ ఒక్క గాజుబిళ్ళలోకి పంపిన. కలిసినయి. నిలువుగ ఉన్నది నువ్వు, అడ్డంగ ఉన్నది నేను. టేకు మీద పొగ లేచింది!

నీ కాగితం పలక మీద దించేసరికి ఏడు గంటలు పట్టింది. కళ్ళు పాడుగాకుండా నల్లద్దాలు పెట్టుకున్న, అక్షరాలు సరిగ్గ కనబడలే. అద్దాలు తీసేలోపు ఓంప్రకాశ్ ఒకటే హారను. అమ్మ చీరముక్కలో చుట్టి ఇచ్చేసిన. పాస్టరుగారే విప్పాలె.

రేపు నేను చర్చికి రాను. ఆ పదకొండు మందీ అక్కడే ఉంటరు.

సైలస్

తా.క. మొన్నటి ఉత్తరంల తా.క. లేదేం? కోపమా?

*

మారేడ్‌పల్లి,
ఈస్టర్ సాయంత్రం

తమ్ముడు సైలస్‌కు,

ప్రభువు లేచాడు. ఇక ఫోను చేయొచ్చు. కాని ఇది రాయవలసిన సంగతి.

కోపం లేదు. ఉత్తరంలో చోటు చాలక, తా.క. ఆ రెండో కాగితం అడుగున రాశాను.

పాస్టరుగారు చీర విప్పి మైకులో చదివారు: "మా అమ్మ రూతమ్మ ముప్పై ఏళ్ళు ప్రార్థించిన బెంచీ. తా.క. చల్లారకముందే తిను."

నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు కుసుమకుమారిగారు, "అయ్యో, అచ్చం రూతమ్మ గొంతే" అంది. ఆ మాట అంటూ అమ్మ తినిపించని వాళ్ళు అక్కడెవరూ లేరు. వెనక బిర్యానీ దించి ఉంది. పాస్టరుగారు ప్రసంగం పది నిమిషాలు తగ్గించారు. క్యారల్ కళ్ళు తుడుచుకుని వాళ్ళ పలకను రెండో బెంచీకి మార్పించింది.

మన పలక తీయడం లేదు.

నీ పెద్దక్క,
రోసమ్మ

తా.క. ఆ పదకొండు మందికీ ప్లేయర్లు అక్కర్లేదట. పలకలు కావాలట. తా.క.తో సహా.