రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య

ఆసుపత్రి సూపరింటెండెంటు వారి సముఖమునకు, పాత లిఫ్టు నడుపువాడు వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: పాత లిఫ్టును నేటి సాయంత్రం విప్పివేయు ఉత్తర్వును, రేపు నా కూతురి ఆపరేషను అయ్యేవరకు నిలుపుట గురించి.

1. నేను లిఫ్టును రెండో, మూడో అంతస్తుల మధ్య అకారణంగా ఆపుచున్నానని తమరు మెమో ఇచ్చియున్నారు. ఆపుచున్న మాట వాస్తవమే. అకారణంగా అన్నది మాత్రం అబద్ధం. రోగి ఉండగా ఏనాడూ ఆపలేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆపి, మోకరించి, చిన్న ప్రార్థన చేసుకుని మళ్లీ మీట నొక్కుచున్నాను.

2. కారణము: నా భార్య నొప్పులు పడుచుండగా కరెంటు పోయి ఈ లిఫ్టు సరిగ్గా అక్కడే ఇరుక్కుపోయినది. వెంట ఉన్న నర్సమ్మ అక్కడే పురుడు పోసినది. బిడ్డ ఏడవలేదు. అప్పటికి నాకు దేవుడూ లేడు, దయ్యమూ లేదు. "కొయ్యబొమ్మలా నిలబడ్డావేంటయ్యా, ప్రార్థన చెయ్యి!" అని నా భార్య అరిచినది. ఏమనాలో తెలియక "ప్రభువా, పిల్ల... పిల్ల..." అన్నాను. అంతే అయ్యా, పిల్ల కెవ్వుమన్నది. నేను విశ్వాసినైనది ఆ చోటే. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. రేపు నాలుగో అంతస్తులో గుండె ఆపరేషను ఆ పిల్లకే.

3. కొత్త లిఫ్టు మంచిదే, కాదనను. కానీ అందులో నన్ను ప్రభువు గుర్తుపడతాడో లేదోనని భయం. పాస్టరుగారితో అంటే, "ఆయన ఎక్కడైనా వింటాడు నాయనా" అని నవ్వారు. నా భార్య నవ్వలేదు. "దేవుడికి ఇల్లూ వాకిలీ లేక నీ లిఫ్టులో కాపురం పెట్టాడా? చాల్లే సంబడం!" అన్నది. వారి మాట నిజమే కావచ్చును. నాకు మాత్రం ధైర్యం చాలుట లేదు.

4. కావున రేపు పిల్లను పాత లిఫ్టులోనే తీసుకుపోనిచ్చి, ఆ చోట ఒక్క క్షణం ఆపనివ్వవలెను. రోగి ఉండగా ఆపరాదన్న నియమం ఎరుగుదును. లిఫ్టు విప్పుటకు వచ్చిన మేస్త్రీ పానా పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "ఎంతసేపయ్యా నీ పురాణం, తాళంచెవి ఇటివ్వు" అంటున్నాడు. ఇవ్వలేదు. ఇవ్వను. ఉద్యోగం పీకేసినా సరే! మన్నించండి అయ్యా, మాట జారినది.

ఒక తండ్రి భయమును తమరు పెద్దమనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాత లిఫ్టు నడుపువాడు

తా.క.: సంతకం పెట్టేలోపే పిల్లకు ఊపిరి అందడం లేదని స్ట్రెచరు మీద పరుగున తెచ్చారు. వార్డుకు నా లిఫ్టే దగ్గర. ఎక్కించాను. ఆ చోటు వచ్చింది. నా చెయ్యి దానంతటదే మీట మీదకు పోయింది. పిల్ల నా వంక చూసి, "నాన్నా, ఆపకు" అంది. ఆపలేదు. ఒక్క ప్రార్థన కూడా నోట రాలేదు.

పిల్లను లోపలికి తీసుకుపోయి ఆపరేషను థియేటరు తలుపు మూశారు. తాళంచెవి మేస్త్రీకి ఇచ్చేశాను, విప్పుకోమనండి. నేనూ మా ఆవిడా థియేటరు తలుపు ముందే మోకరించాం. దారికి అడ్డమని వార్డుబాయ్ లేపుతున్నాడు. ఆ తలుపు తెరుచుకునేదాకా మమ్మల్ని లేపొద్దని ఒక్క మాట చెప్పి పంపండి అయ్యా. లోపల ఉన్నది మా బిడ్డ.