నీలం దారానికి ముడి

చెల్లీ,

మన కుట్టుపని సంఘం ఎన్నికలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. కాజాలు కుట్టే వదిన గెలిచింది, ఆవిడకి మంచిమాట చెప్పే వచ్చాను. నాకోసం తిరిగినవాళ్లందరికీ నా దండాలు నువ్వే చెప్పు. మళ్లీ ఇంటింటికీ తిరిగే ఓపిక నాకు లేదు.

ఒక్క మాట అడగకపోతే నాకు అన్నం సయించదు. మనలో సగం మందికి చదువు రాదని, నాకైతే ఎర్రదారం ముక్క, ఆవిడకైతే నీలం ముక్క డబ్బాలో వేశాం కదా. పక్కన కూచుని లెక్క చూస్తుంటే, ఒక నీలం ముక్క కొసన రెండు మెలికల ముడి కనబడింది. దారం చేతికి రాగానే అలా ముడి వేసే అలవాటు నీ ఒక్కదానికే ఉంది. చిన్నప్పుడు నేర్పింది నేనే.

పది ఓట్ల తేడాతో పోయాను, నీ ఓటు పడినా గెలిచేదాన్ని కాదులే. "నువ్వే గెలుస్తావక్కా" అంటూ చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పావు చూడు, అదే మింగుడుపడటం లేదు. "ఈ వయసులో నీకెందుకక్కా" అని మొహం మీదే అంటే నిలబడేదాన్నే కాదుగా?

ఎవరైనా చూస్తే నిన్ను ఆడిపోసుకుంటారని హడలిపోయి, ఆ ముడి గోటితో విప్పేశాను. రేపటినుంచి నా మిషను నీ పక్కనుంచి తీయించి, అవతలి కిటికీ దగ్గర వేయించుకుంటున్నాను. ఎవరడిగినా, వెలుతురు కోసమని చెప్పు.

అక్క