దొరగారికి ఈ ఏడు సూది వద్దు

డాక్టరమ్మ గారికి దర్జీ నమస్కారాలు.

మా పిల్లి దొరకి ఏడాది టీకా వేళయిందని మీ కార్డు అందింది. పోయినేడు సూది పడ్డాక వాడు రెండు రోజులు ముద్ద ముట్టలేదు. వాడు తినకపోతే నాకెలా దిగుతుంది? ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఈసారికి మాకొద్దు. మావాడు గడప దాటడు, ఇక జబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇట్లు,
దర్జీ

తా.క.: ఫోన్‌లో అయితే మీరు ఒప్పించేస్తారు. అందుకే ఉత్తరం.

*

దర్జీ గారికి,

జబ్బు మీ చెప్పులకి అంటుకుని కూడా వస్తుంది. అలాగని కళ్లు మూసుకుని సూది పొడవక్కర్లేదు. కొలత తీయకుండా మీరు కత్తెర వేస్తారా? రక్తం తీసి, పాత టీకాల బలం ఎంత మిగిలిందో చూద్దాం. ఉంటే ఈ ఏడు సూది లేదు. లేకపోతే మీరు బతిమాలినా వినను.

మీ డాక్టర్

తా.క.: బుట్టలో తీసుకురండి. పోయినసారిలా చొక్కాలో పెట్టుకుని కాదు.

*

డాక్టరమ్మ గారికి,

రిపోర్టు అందింది. రోగాన్ని తట్టుకునే బలం కావలసినదానికంటే చాలా ఎక్కువట! నాకు ముందే తెలుసు. అదంతా నా పెంపకం. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చదివి వినిపిస్తున్నాను. ప్యాంటు కొలతలివ్వడానికొచ్చిన ఒకాయన రెండుసార్లు విన్నాడు. ఫ్రేము కట్టిస్తాను, సంతకం కాస్త పెద్దగా పెట్టి ఇంకో కాపీ పంపండి.

గర్వంతో,
దర్జీ

తా.క.: తినేది పొద్దున ఒక్కపూటే. అయినా ఎంత ఒళ్లు చేశాడో చూశారుగా!

*

దర్జీ గారికి,

ఫ్రేము ఆపండి. ఏడాదికొక్క టీకా పడిన పిల్లికి ఇంత బలం నేనెప్పుడూ చూడలేదు. ఇంకెక్కడైనా వేయించారా? నిజం చెప్పండి, తిట్టను.

మీ డాక్టర్

తా.క.: కొంచెం తిడతాను.

*

డాక్టరమ్మకి ("గారు" కావాలనే తీసేశాను),

సూదంటే వాడికంటే ముందు వణికేది నేను. నేను దొంగచాటుగా వేయిస్తానా? ఆ ల్యాబు వాళ్లని నిలదీయండి. మావాడి బుద్ధి మీకేం తెలుసు? మధ్యాహ్నం బీరువా మీద పడుకున్నాడంటే పిలిచినా పలకడు. దీపాలు పెట్టే వేళకే దిగుతాడు.

ఇట్లు,
నొచ్చుకున్న దర్జీ

తా.క.: బీరువా ఎత్తు. ఎక్కి చూడలేదనుకోండి.

*

దర్జీ గారికి,

ల్యాబు తప్పేం లేదు. నిన్న మధ్యాహ్నం మీ వెనకవీధి సంగీతం టీచరమ్మ తన పిల్లి "చంటి"ని టీకాకి తెచ్చారు. ఆవిడ పాత డాక్టరు ఊరు మారారట. బుట్ట తెరిస్తే, ముంగాలి మీద మొన్న రక్తం తీయడానికి నేను గొరిగిన చోటు! "దొరా" అన్నాను. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఏటా రెండు సూదులు, మీ వంతు ఒకటి, ఆవిడ వంతు ఒకటి. ప్రేమ కొద్దీ ఇద్దరూ కలిసి వాణ్ణి జల్లెడ చేశారు. నేను సూది వేయలేదు. ఇకమీదట కొలిచాకే వేస్తాను.

సంగతి చెప్తే టీచరమ్మ నా బల్ల మీదే తల పెట్టి ఏడ్చారు. వాడు తప్ప ఆవిడకీ ఎవరూ లేరట. మీ షాపు గుర్తులు చెప్పాను. ఈ ఉత్తరంకంటే ముందే వస్తారేమో. మీరు తర్వాత అరిచినా సరే, ముందు కుర్చీ వేయండి.

మీ డాక్టర్

తా.క.: వాణ్ణి పంచుకునే ముందు సందు చివర మందుల షాపాయన్ని కూడా పిలవండి. రేపు ఆయన తన "అల్లుణ్ణి" టీకాకి తెస్తున్నారు. ఆ అల్లుడు రాత్రి భోజనానికే ఇంటికొస్తాడట.