ఫోను తెగాక అన్న మాట

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. నువ్వు ఎదురుచూసిన ఆపరేషన్ మన అనితకు నిరుడు అయింది. చీలిన అంగిలి అతుక్కుంది కానీ మాట ఇంకా ముక్కులోంచే వస్తోంది. బువ్వ అనమంటే మువ్వ అంటుంది. మాటలు నేర్పే డాక్టరమ్మ ఉండేది హైదరాబాదులో. అల్లం చేను వదిలి వారం వారం రాలేనని బతిమాలితే, ఫోన్లోనే నేర్పుతానంది.

అందుకే ప్రతి సోమవారం పిల్లను చిరాగ్‌పల్లి నుంచి జహీరాబాద్ పోస్టాఫీసుకు తీసుకెళ్తున్నాను. ఇవాళ కూడా బువ్వ పలకకపోతే మళ్లీ ఆపరేషన్ చేయాల్సిందేనని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ట్రంకాల్ కలిసింది. గాలి ముక్కులోంచి పోతే తెలిసేలా, డాక్టరమ్మ చెప్పినట్టే అనిత ముక్కు కింద చిన్న అద్దం పట్టుకున్నాను. మూడు నిమిషాలూ మువ్వ, మువ్వ అంటూనే ఉంది. అద్దం మీద ఆవిరి పడుతూనే ఉంది. "భయపడకమ్మా, ఇంకోసారి" అని డాక్టరమ్మ అంటుండగానే లైను తెగింది. అది తెలియని అనిత రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకుని "బువ్వ" అంది. స్పష్టంగా. అద్దం మసకబారలేదు.

"సార్, జర మళ్ల కలపున్రి, మీ కాల్మొక్త" అన్నాను.

పోస్టుమాస్టరు సాయంత్రం దాకా ప్రయత్నించి, "లైన్ దొరుకుతలేదు, నన్నేం జెయ్యమంటవ్" అన్నాడు.

ఇంటికొచ్చి ఎన్నిసార్లు అడిగినా మువ్వే వచ్చింది. చివరికి కొట్టాను సుగుణా. ఎన్నడూ చెయ్యెత్తనివాణ్ణి.

"నేనన్న గద నాయినా" అని ఏడ్చింది.

అన్నది. నేను విన్నాను. డాక్టరమ్మ నమ్ముతుందో లేదో తెలియదు. నువ్వన్నా నమ్ము.