పేరు చెప్పని పసరు

ఒరే సింహాచలం,

నువ్వు డాక్టరుకి అబద్ధం చెప్పావు. పసరు తాగిన పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, ఏమీ తాగలేదన్నావు. ఈ మాట అనేస్తే గానీ మీ క్షేమం అడగడానికి నాకు కలం కదల్లేదు.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పార్వతి సరిగా తింటోందా? గౌరి కళ్ళలో పసుపు తగ్గిందో లేదో ఎవరైనా నాకు నిజం రాయండి. నేనిక్కడ బాగానే ఉన్నాను. హైదరాబాదులో చలి ముదిరింది. తెల్లారకుండానే హాస్టల్ వంటింట్లో పొయ్యి దగ్గరుంటాను కాబట్టి బయటికి వస్తేనే చలి తెలుస్తుంది. ఇక్కడ అందరికీ సరిపడేలా చప్పగా వండాలి. పండగ సెలవులకి ఆడపిల్లలు వెళ్ళిపోతే మాటకి మనిషి ఉండదు. అయినా బాగానే ఉన్నాను, బెంగ పడకండి.

ఫోన్లో నేను మొదలుపెట్టగానే "నీకు పట్నం నీళ్ళు ఒంటబట్టీసినాయప్పా, కొండమందంటే ఏలాకోలమైపోనాది" అని పెట్టేస్తున్నావు. అందుకే ఊరికొస్తున్న మన వీధి అప్పన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వు చివరిదాకా చదివేవరకు నీ ఎదురుగా కూర్చోమన్నాను.

జరిగింది పార్వతి ఫోన్లో గొంతు తగ్గించి చెప్పింది. గౌరికి పచ్చకామెర్లని కొండ మీది సోంబరు తాత దగ్గరికి వెళ్ళావు. ఆయన తెల్లవారకముందే, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు తెచ్చి, నూరి, పసరు తాగించాడు. ఆకు పేరు నీకూ చెప్పలేదు. పిల్లకి వాంతులు పట్టుకుంటే ఆసుపత్రికి పరిగెత్తావు. "నాటుమందు ఏదైనా పట్టారా?" అని డాక్టరు అడిగితే "నేదండి" అన్నావు. ఇంటికొచ్చాక డాక్టరిచ్చిన మాత్రలూ ఈ పసరూ రెండూ పట్టిస్తున్నావు.

నువ్వైనా చెప్పకపోయావా అని పార్వతిని అడిగాను.

"పసరు సంగతి బయటికి సెప్తే మందు పని సెయ్యదట వదినా. రేపు పిల్లకేటైనా అయితే నా నోటి వల్లే అయిందంతారు. నానేటి సెయ్యను? అరసవల్లి దేవుడికైతే అంతా సెప్పుకున్నాను."

దేవుడికి చెప్పుకున్నది డాక్టరుకీ చెప్పమన్నాను. ఏడ్చింది.

నేను కొండమందుని చులకన చేసేదాన్ని కాదు. నువ్వు పుట్టినప్పుడు బాలింత అమ్మకి వావిలాకు మరిగించిన నీళ్ళే పోశారు. నీ చెయ్యి విరిగితే నల్లేరు నూరి కట్టు కట్టింది ఈ తాతే. దగ్గుకి అడ్డసరం, జ్వరానికి నేలవేము మన పెరటి సంగతులే. కామెర్లకి నేలఉసిరి వాడతారని ఊరంతటికీ తెలుసు. మరి తాత నూరింది అదేనా? అందులో ఇంకేదైనా వేరు కలిపాడా? నీకు తెలియదు. తెలియనిది తీసుకెళ్ళి కూతురి గొంతులో పోస్తున్నావు.

చిన్నప్పుడు తాతనే అడిగాను, పేరెందుకు చెప్పవని. "పేరు సెప్తే ఆకు సిన్నబోతాదే అమ్మీ" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎవరి దగ్గర దాస్తున్నాం రా? లారీ తెచ్చి మోపులకు మోపులు ఎత్తుకుపోయే షావుకారికి ప్రతి ఆకు పేరూ తెలుసు. మన పిల్లకి వైద్యం చేసే మనిషికి మాత్రం తెలియకూడదు. ఈ ఆచారం ఎవరిని కాపాడుతోందో నువ్వే చెప్పు.

డాక్టర్లనీ వదలను. "ఆకులూ అలములూ మింగి చివరికి మా మీద పడతారు" అని నలుగురిలో కసిరితే ఎవడు నిజం చెప్తాడు? నీ అబద్ధంలో ఆ నోటికీ వాటా ఉంది. వాళ్ళతో దెబ్బలాట నాది, వచ్చినప్పుడు చూసుకుంటాను. నీ భయానికీ వాళ్ళ పొగరుకీ మధ్య నలుగుతున్నది గౌరి కాలేయం.

అమ్మకీ తాతకీ నా దండాలు చెప్పు. గౌరిని నా బదులు దగ్గరికి తీసుకో. నువ్వు చేయవలసినవి ఇవి:

ఉత్తరం మడవగానే పసరు ఆపు.

తాత దగ్గరికి వెళ్ళి పేరడుగు. నోటితో చెప్పనంటే ఆకూ వేరూ చేతికిమ్మను.

మొదటి బస్సుకే గౌరిని ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఏం తాగిందో, ఎన్నాళ్ళ నుంచో చెప్పు.

తాత వస్తానంటే వెంట తీసుకెళ్ళు. ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టకు.

పార్వతిని మాట్లాడనియ్యి.

డాక్టరు తిడితే పడు.

నీ అప్ప,
లక్ష్మి