పండుగప్ప తల ఎటువైపు

ద్వారక, ఢిల్లీ
17 ఫిబ్రవరి 2026

ప్రియమైన నాన్నకి,

ప్రభువు నామంలో నీ జెనీఫర్ వందనాలు. నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా పెళ్ళికి రాలేదు, ఫోనూ ఎత్తవు, అందుకే కాగితం పట్టాను. వందనాల దగ్గరే మడతపెట్టెయ్యకు నాన్నా, అసలు సంగతి చేప గురించి! చేప అంటే నువ్వు ఆగుతావని నాకు తెలుసు.

నిన్న మా ఇంట్లో చైనా కొత్త సంవత్సరం ముందురోజు భోజనం. మా ఆయన ఆస్టిన్ వాళ్ళ తాతగారిని ఆకుంగ్ అనీ, నానమ్మగారిని ఆపో అనీ పిలుస్తాం. కలకత్తాలో పుట్టిన చైనావాళ్ళు. ఢిల్లీలో చెప్పుల కొట్టు నడిపి ముసలివాళ్ళయ్యారు. నాతో హిందీలోనే మాట్లాడతారు. కొన్నాళ్ళుగా ఆపో నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టుకుని వంటతో పాటు వాళ్ళ ఆచారాలూ నేర్పుతున్నారు. నూడుల్స్ తుంచకూడదట, ఆయుష్షు తుంచినట్టేనట! ఈసారి చేప నువ్వే తేవాలి బేటీ అన్నారు. పండగ చేప అప్పగించారంటే ఇంటిమనిషివని ఒప్పుకున్నట్టేనని ఆస్టిన్ చెవిలో ఊదాడు. ఇక చూడు, నా కాలు నేలమీద నిలిస్తే ఒట్టు!

ఐఎన్ఏ మార్కెట్లో మన పండుగప్పే దొరికింది నాన్నా, ఇక్కడ భేట్కీ అంటారు. నువ్వు నేర్పినట్టే మొప్పలెత్తి చూశాను, ఎర్రగా ఉన్నాయి. నొక్కితే గుంట పడలేదు. ఎలా కొయ్యమంటారని చేపల భయ్యా అడిగాడు. ఇంకేముంది, అలవాటు చొప్పున పులుసు ముక్కలు కొట్టించుకుని ఊపుకుంటూ ఇంటికొచ్చాను.

సంచి విప్పగానే ఆపో తల పట్టుకున్నారు. ఈ పూట చేపని తల నుంచి తోక దాకా నిండుగా వండాలట. కోస్తే ఏడాది తెగిపోయినట్టేనట. మా అత్తగారి మొహం మాడిపోయింది. మళ్ళీ బజారుకి పోయే వేళ కాదు. వాళ్ళింట్లో నీకు ముద్ద దిగదే అన్నావు చూడు, ఆ మాటే గుర్తొచ్చి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆపో కాసేపు ఆ ముక్కల్నే చూసి, పెద్ద పళ్ళెం తెమ్మన్నారు. ముందు తల పెట్టారు. దాని వెనకే ఒక్కో ముక్కా నన్నే పేర్చమన్నారు. సందుల్లో అల్లం, ఉల్లికాడలు కూరారు. ఆవిరి మీద ఉడికించి, సోయా సాస్ వేసి, పైన కాగిన నూనె చుయ్యిమనిపిస్తే అతుకు కనిపించిందా? లేదు! తెగింది కలిసింది కాబట్టి ఈ ఏడాది ఇంకా మంచిదని ఆపో తేల్చేశారు. ఇన్నేళ్ళకి చేప చక్కగా ముక్కల్లో పెట్టారని ఆకుంగ్ పడీపడీ నవ్వారు.

ఇది విను. ఒకవైపు తిన్నాక చేపని తిరగెయ్యకూడదు, పడవ తిరగబడుతుందట! నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. మా నాన్న సముద్రం మీద వేటకి పోతే అమ్మ కంచం కూడా బోర్లించదని చెప్పాను. అంతే, ఆకుంగ్ నీ గురించి, నీ పడవ గురించి గుచ్చి గుచ్చి అడిగారు.

చేప తల ఇంటిపెద్ద వైపు ఉండాలి. ఏటా అది ఆకుంగ్ వైపే. నిన్న మాత్రం ఆయనే పళ్ళెం తిప్పేశారు. ఎందుకో రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఈస్టరుకి అమ్మని తీసుకుని రా నాన్నా. చేప నువ్వే ఎంచుదువుగాని.

నీ కోపం కరగాలని ప్రార్థించే కూతురు,
జెనీఫర్

తా.క.: సరే, రాసేస్తున్నాను. పండక్కి రాలేకపోయిన ఇంటివాళ్ళకి కూడా గిన్నే, తినే పుల్లలూ పెట్టడం వీళ్ళ ఆచారం. నా పక్కన ఖాళీ కుర్చీ ముందు ఆపో ఒక గిన్నె పెట్టారు. ఎవరికని అడిగితే, నీ తండ్రికి అన్నారు. ఆయన కోపంతో రాలేదు ఆపో అన్నాను. తెలుసు, అందుకే పెట్టాను అన్నారు. ఆకుంగ్ పళ్ళెం తిప్పింది అప్పుడే. చేప తల నీ గిన్నె వైపు పెట్టారు. నువ్వన్నట్టే అయింది నాన్నా, ఈ ఇంట్లో నిన్న నాకు నిజంగానే ముద్ద దిగలేదు.